అరవై యూనిట్లు, ఏడు కోర్సులు: కమ్యూనిటీ కాలేజీ డిగ్రీ పట్టిక ఎవరి చేతిలో ఉంది?

కాలిఫోర్నియాలో 116 కమ్యూనిటీ కాలేజీలున్నాయి. యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ కావాలని 2025 ఫాల్ సెమిస్టర్ నుంచి వాటిలో చేరుతున్నవాళ్లకు కౌన్సెలర్ ఒక కొత్త పట్టిక ఇస్తున్నారు. దాని పేరు కాల్-గెట్‌సీ. మొదటి రెండేళ్లలో మేజర్ సబ్జెక్టుతో పాటు 11 జనరల్ ఎడ్యుకేషన్ కోర్సులు, అంటే 34 యూనిట్లు పూర్తిచేయాలని అది చెబుతుంది. వ్యాసరచన, తర్కంతో ఆలోచించడం, నలుగురి ముందు మాట్లాడటం, లెక్కలు, ఒక కళ, ఒక మానవీయ శాస్త్రం, రెండు సామాజిక శాస్త్రాలు, ఒక భౌతిక శాస్త్రం, ఒక జీవశాస్త్రం, వాటిలో ఒకదానికి ల్యాబ్, ఆపైన ఎత్నిక్ స్టడీస్ (అమెరికాలోని జాతి సమూహాల గురించిన చదువు). ప్రతి కోర్సులోనూ కనీసం సి గ్రేడు రావాలి.

ఫ్రీమాంట్, కూపర్టినో వైపు ఉండే తెలుగు ఇళ్లలో ఈ పట్టిక చూడగానే వచ్చే ప్రశ్న ఒకటే. కంప్యూటర్ సైన్స్ చదవడానికి వెళ్లినవాడికి సంగీత చరిత్ర ఎందుకు? కాలేజీ కేటలాగ్ దీనికి జవాబుగా రెండు పేరాల లక్ష్య ప్రకటన అచ్చు వేస్తుంది. స్పష్టంగా ఆలోచించగల, మాట్లాడగల, పౌర బాధ్యత తెలిసిన, ఇతర సంస్కృతులను అర్థం చేసుకోగల మనిషిని తయారుచేయడం మా ధ్యేయం అని. ఆ మాటల్లో అబద్ధమేమీ లేదు. కానీ పట్టికలో ఏ గడి ఉండాలి, ఏది పోవాలి అన్నది తేలేది ఆ రెండు పేరాల్లో కాదు. విద్యార్థి రెండేళ్ల తర్వాత వెళ్లి చేరాలనుకునే యూనివర్సిటీ ఏం ఒప్పుకుంటుంది, శాసనసభ ఏం చట్టం చేసింది అన్నవే ఎక్కువగా తేలుస్తాయి. లక్ష్యాన్ని కాలేజీ రాస్తుంది, లెక్క మాత్రం అవతలి ఒడ్డున వేస్తారు.

డిగ్రీకి ఏం కావాలి

కమ్యూనిటీ కాలేజీ ఇచ్చే రెండేళ్ల డిగ్రీని అసోసియేట్ డిగ్రీ అంటారు. దానికి 60 సెమిస్టర్ యూనిట్లు కావాలి. మొత్తం మీద జీపీఏ 2.0 కంటే తగ్గకూడదు. మేజర్‌లో కనీసం 18 యూనిట్లు ఉండాలి, ఆ కోర్సులన్నింటిలో సి రావాలి. వేరే కాలేజీల నుంచి ఎన్ని యూనిట్లు తెచ్చుకున్నా, డిగ్రీ ఇచ్చే కాలేజీలో కనీసం 12 చదివి ఉండాలి. ట్రాన్స్‌ఫర్ ఆలోచన లేనివాళ్లకు జనరల్ ఎడ్యుకేషన్ భాగం చిన్నది, 21 యూనిట్లు, అంటే ఏడు కోర్సులు. ఇది 18గా ఉండేది, కొత్త నిబంధనలతో పెరిగింది. ఏడాదిని సెమిస్టర్లుగా కాక ఇంకా చిన్న క్వార్టర్లుగా విభజించే డి ఆంజా లాంటి కాలేజీల్లో 60కి బదులు 90 క్వార్టర్ యూనిట్లు లెక్క. సంఖ్య మారినా చదువు అంతే.

యూనిట్ అన్నదాన్ని గంటల్లో చూస్తే విషయం తేలిగ్గా బోధపడుతుంది. క్లాసు, ఇంటి దగ్గర చదువు కలిపి కనీసం 48 గంటల పని చేస్తే ఒక యూనిట్. మామూలు లెక్చర్ కోర్సులో క్లాసులో కూర్చున్న ప్రతి గంటకూ బయట రెండు గంటలు చదువుకోవాలి. మూడు యూనిట్ల కోర్సు అంటే 144 గంటలు. 21 యూనిట్ల జనరల్ ఎడ్యుకేషన్ అంటే 1,008 గంటలు. మొత్తం డిగ్రీ 2,880 గంటలు. పగలు గిడ్డంగిలో పనిచేసి రాత్రి క్లాసుకొచ్చే మనిషి జీవితంలోంచి వెయ్యి గంటలు అడుగుతున్నామంటే, ఎందుకు అడుగుతున్నామో చెప్పగలగాలి.

డబ్బు లెక్కలో మాత్రం ఇంత చవకైన చదువు అమెరికాలో అరుదు. రాష్ట్ర నివాసులకు యూనిట్‌కు 46 డాలర్లు. 2012 వేసవి నుంచి ఆ రేటు మారలేదు. అంటే డిగ్రీ మొత్తానికి 2,760 డాలర్లు, పుస్తకాలు, చిల్లర ఫీజులు అదనం. ఎఫ్-1 వీసా మీద వచ్చినవాళ్లకు ఈ రేటు వర్తించదు. చాలా కాలేజీల్లో వాళ్లు యూనిట్‌కు 300 డాలర్ల పైనే కడతారు. హెచ్-4 మీద ఉన్నవాళ్లు ఏడాది నివాసం, ఇక్కడే ఉండే ఉద్దేశం నిరూపించుకుంటే 46 డాలర్ల రేటుకే చదవొచ్చు. ఈ సంగతి తెలియక ఇంట్లో కూర్చున్నవాళ్లు చాలామందే ఉన్నారు.

పట్టిక ఎలా పుట్టింది

కాలిఫోర్నియాలో హైస్కూళ్లు డిగ్రీ మొదటి రెండేళ్ల పాఠాలు చెప్పుకోవచ్చని 1907లోనే చట్టం వచ్చింది. 1910లో ఫ్రెస్నోలో తొలి జూనియర్ కాలేజీ మొదలైంది. 1947లో అధ్యక్షుడు ట్రూమన్ నియమించిన కమిషన్, ఊరూరా తక్కువ ఖర్చుతో నడిచే రెండేళ్ల కాలేజీలు రావాలని సిఫార్సు చేసింది. ‘కమ్యూనిటీ కాలేజీ’ అన్న మాట జనంలోకి వెళ్లింది అప్పుడే. అసలు అమరిక తయారైంది 1960 మాస్టర్ ప్లాన్‌తో. హైస్కూలు ముగించినవాళ్లలో పై ఎనిమిదో వంతుకు యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా (యూసీ), పై మూడో వంతుకు కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ (కాల్ స్టేట్), మిగతా అందరికీ కమ్యూనిటీ కాలేజీ. అక్కడ రెండేళ్లు బాగా చదివినవాళ్లు పై రెండు వ్యవస్థల్లోకీ మూడో ఏడాదిలో చేరవచ్చు.

ఈ ఒప్పందం లేకపోతే తలుపు అందరికీ తెరిచి ఉంచడంలో అర్థం ఉండేది కాదు. అయితే దీనివల్ల ఒక చిక్కు కూడా పుట్టింది. మొదటి రెండేళ్లు ఒక చోట, తర్వాతి రెండేళ్లు మరో చోట చదివితే, మొదటి చోటి చదువు చెల్లుతుందో లేదో చెప్పే అధికారం రెండో చోటికే దక్కుతుంది. సొంత విద్యార్థుల కోసం యూనివర్సిటీ రాసుకున్న జనరల్ ఎడ్యుకేషన్ పట్టికే కమ్యూనిటీ కాలేజీకి కొలబద్ద అయింది. యూనివర్సిటీలు రెండు కాబట్టి కొలబద్దలూ రెండయ్యాయి. కాల్ స్టేట్‌కు ఒక పట్టిక, రెండింటికీ పనికొస్తుందని తయారుచేసిన ఐ-గెట్‌సీ ఇంకొకటి, కాలేజీ సొంత డిగ్రీ పట్టిక మూడోది. పద్దెనిమిదేళ్ల పిల్లవాడు మూడు కాగితాలు పక్కపక్కన పెట్టుకుని, ఏ కోర్సు ఎందులో ఏ గడికి సరిపోతుందో చూసుకోవాల్సి వచ్చేది. తప్పు కాగితం పట్టుకుంటే ఒక సెమిస్టర్ వృథా.

ఈ గందరగోళాన్ని సరిచేయడానికి శాసనసభ రెండుసార్లు పూనుకుంది. 2010లో ఎస్‌బీ (సెనేట్ బిల్లు) 1440 చట్టం ట్రాన్స్‌ఫర్ కోసమే ప్రత్యేక అసోసియేట్ డిగ్రీ తెచ్చింది. 60 యూనిట్లకే అది పూర్తవుతుంది. అది ఉన్నవాళ్లకు కాల్ స్టేట్‌లో ఏదో ఒక క్యాంపస్‌లో సీటు ఖాయం, అక్కడ మరో 60 యూనిట్లకు మించి చదివించకూడదు. 2021లో ఏబీ (అసెంబ్లీ బిల్లు) 928 చట్టం, రెండు యూనివర్సిటీలూ ఒకే జనరల్ ఎడ్యుకేషన్ పట్టికకు ఒప్పుకుని తీరాలంది. దాని ఫలితమే కాల్-గెట్‌సీ. అదే ఏడాది వచ్చిన ఏబీ 1111 కోర్సు నంబర్ల సంగతి తేల్చింది. ఒకే పాఠం ఒక కాలేజీలో ఇంగ్లీష్ 1ఎ, మరో కాలేజీలో ఇంగ్లీష్ 101 అన్న తంటా ఉండకూడదని, అన్నిచోట్లా ఉమ్మడి నంబర్లు పెట్టమంది. మొదటి విడతలో వ్యాసరచన, స్టాటిస్టిక్స్, సైకాలజీ, ప్రభుత్వ పాలన లాంటి కోర్సులకు నంబర్లు మారాయి.

రెండు పట్టికలను ఒకటి చేస్తే ఎవరిదో ఒకరిది కొంత పోవాలి. పోయినవేమిటో చూస్తే బేరం ఎలా జరిగిందో తెలుస్తుంది. ఐ-గెట్‌సీలో మౌఖిక భాషణం కోర్సు కాల్ స్టేట్‌కు వెళ్లేవాళ్లకే ఉండేది. ఇప్పుడది అందరికీ తప్పనిసరి అయింది, అంటే ఇక్కడ నెగ్గింది కాల్ స్టేట్. ఇంగ్లీషు కాని మరో భాష రావాలన్నది యూసీకి వెళ్లేవాళ్లకే ఉన్న షరతు, అది ఉమ్మడి పట్టికలోంచి తప్పుకుంది. కాల్ స్టేట్ పట్టికలో కళలు, మానవీయ శాస్త్రాలకు 9 యూనిట్లుండేవి, ఇప్పుడు 6. జీవితాంతం నేర్చుకోవడం, స్వీయ వికాసం అన్న గడి పూర్తిగా పోయింది.

ఈ చివరిది జరగాల్సినంత చర్చ లేకుండానే జరిగిపోయింది. పోషకాహారం, ఆరోగ్యం, మానసిక వికాసం, వ్యాయామం, కాలేజీలో నెగ్గుకురావడం ఎలా లాంటి కోర్సులు ఆ గడిలో ఉండేవి. యూసీ దృష్టిలో అవి పాండిత్యానికి సంబంధించినవి కావు. కానీ ఇంట్లో కాలేజీ మొహం చూసిన మొదటి మనిషికి నోట్సు రాసుకోవడం, సమయం పంచుకోవడం, అప్పు కాగితాలు చదవడం నేర్పే కోర్సు ఉపయోగం ఏమిటో కమ్యూనిటీ కాలేజీ టీచర్లకు బాగా తెలుసు. కొన్ని కాలేజీలు ఆ గడిని సొంత డిగ్రీ పట్టికలో అట్టే పెట్టుకున్నాయి. ట్రాన్స్‌ఫర్ విద్యార్థి మాత్రం లెక్కలోకి రాని కోర్సు జోలికి వెళ్లడు. గడి పోతే విద్యార్థులు తగ్గుతారు, విద్యార్థులు తగ్గితే సెక్షన్లు, సెక్షన్లు తగ్గితే పార్ట్‌టైం టీచర్ల ఉద్యోగాలు పోతాయి. జనరల్ ఎడ్యుకేషన్ మీద అధ్యాపక సంఘాల్లో జరిగే వాదనల్లో సగం వేడి ఇక్కడి నుంచే వస్తుంది, సిద్ధాంతాల నుంచి కాదు.

లెక్కల గొడవ

పట్టిక మొత్తంలో ఎక్కువ కొట్లాట జరిగింది లెక్కల గడి దగ్గర. 2009 ఫాల్ నుంచి అసోసియేట్ డిగ్రీకి ఇంటర్మీడియట్ ఆల్జీబ్రా స్థాయి తప్పనిసరి చేశారు. వర్గ సమీకరణాలు, లాగరిథమ్‌లు, భిన్న రూపంలో ఉండే బహుపదులు. మన దగ్గర పదో తరగతి నుంచి ఇంటర్ మొదటి ఏడాది మధ్యలో వచ్చే సరుకే. ఉద్దేశం మంచిదే. డిగ్రీకి విలువ పెరగాలని.

చిక్కు అంతా దాని దగ్గరికి చేరే దారిలో ఉంది. చేరినప్పుడు పెట్టే పరీక్షలో తక్కువ మార్కులొచ్చినవాళ్లను రెండు, మూడు, కొన్నిచోట్ల నాలుగు మెట్ల కిందకు పంపేవాళ్లు. అక్కడ కూడికలు, భిన్నాలు మొదలుకొని ఒక్కో సెమిస్టర్‌కు ఒక్కో మెట్టు ఎక్కి రావాలి. ఆ కోర్సులకు ఫీజు కట్టాలి, ట్రాన్స్‌ఫర్ లెక్కలోకి మాత్రం రావు. ప్రతి మెట్టులోనూ నూటికి 70 మంది గట్టెక్కి, వాళ్లంతా తర్వాతి మెట్టులో చేరారనుకుందాం. మొదటి మెట్టు దాటేది 70 మంది. రెండోది 49. మూడోది 34. నాలుగోది 24. ఏ మెట్టు దగ్గరా టీచర్ చెడ్డగా చెప్పలేదు, ఏ క్లాసులోనూ సగం మంది ఫెయిల్ కాలేదు. అయినా నూటికి 76 మంది ఆగిపోయారు. నిజ జీవితంలో మెట్టుకూ మెట్టుకూ మధ్య పెళ్లిళ్లు, షిఫ్టు మార్పులు, కారు పాడవడం లాంటివి కూడా ఉంటాయి కాబట్టి పరిస్థితి ఇంకా దారుణంగా ఉండేది.

2016 నుంచి 2022 వరకు ఈ కాలేజీల వ్యవస్థకు ఛాన్సలర్‌గా ఉన్న ఎలోయ్ ఓర్టిజ్ ఓక్లీ, లెక్కలు, సైన్సు మేజర్లు కానివాళ్లకు ఈ ఆల్జీబ్రా అవసరమా అని 2017లో బహిరంగంగానే అడిగారు. అదే ఏడాది ఏబీ 705 చట్టమైంది. ప్లేస్‌మెంట్ పరీక్ష పక్కనపెట్టి హైస్కూలు మార్కులు చూడాలని, యూనివర్సిటీ స్థాయి ఇంగ్లీషు, లెక్కల కోర్సులను ఏడాదిలోపు దాటే అవకాశం గరిష్ఠంగా ఉండేలా విద్యార్థిని కూర్చోబెట్టాలని అది చెప్పింది. 2019 ఫాల్ నాటికి అమల్లోకి వచ్చింది. 2022లో ఏబీ 1705 దాన్ని ఇంకా బిగించింది. కింది మెట్ల కోర్సులు చాలావరకు పోయాయి. వాటి బదులు అసలు కోర్సుతో పాటే నడిచే సహాయక క్లాసులు వచ్చాయి.

దీంతో పాటు ఇంకో మార్పు మెల్లగా వచ్చింది. సోషియాలజీ, నర్సింగ్, చరిత్ర, బిజినెస్ వైపు వెళ్లేవాళ్లలో చాలామంది ఆల్జీబ్రా దారి వదిలి స్టాటిస్టిక్స్ దారి పట్టారు. కాల్-గెట్‌సీ లెక్కల గడికి స్టాటిస్టిక్స్ చెల్లుతుంది. జనరల్ ఎడ్యుకేషన్ లక్ష్యం కళ్లతో చూస్తే ఇది దిగజారడం కాదు, ఆ లక్ష్యానికి దగ్గరగా రావడమే. మందు పనిచేస్తుందని కంపెనీ చెప్పినప్పుడు ఎంతమంది మీద పరీక్షించారు, ఎన్నికల సర్వేలో ‘ప్లస్ ఆర్ మైనస్ 3’ అంటే ఏమిటి, సగటు జీతం పెరిగినా మధ్యలో ఉన్నవాడి జీతం ఎందుకు పెరగలేదు... పౌరుడికి రోజూ ఎదురయ్యే లెక్కలివి. లాగరిథమ్ ఆధారాలు మార్చడం అంతమందికి ఎదురుకాదు.

సైన్సు, ఇంజినీరింగ్ వైపు ఇదే తర్కం అంత సాఫీగా సాగడం లేదు. ఏబీ 1705 ప్రకారం 2025 ఫాల్ నుంచి ఆ మేజర్ల విద్యార్థులను వీలైనంతవరకు నేరుగా కాలిక్యులస్‌లో కూర్చోబెట్టాలి. త్రికోణమితి సరిగా రానివాణ్ణి తీసుకెళ్లి కాలిక్యులస్‌లో పడేస్తే ఏమవుతుందన్నది లెక్కల టీచర్ల ప్రశ్న. ప్రీకాలిక్యులస్ మెట్టు దగ్గరే ఎంతమంది ఆగిపోతున్నారో చూడండన్నది చట్టం సమర్థకుల ప్రశ్న. రెండింటిలోనూ పస ఉంది. మెట్లు తీసేయడం నాన్-సైన్స్ మేజర్లకు మేలు చేసింది కదా అని కాలిక్యులస్‌కూ అదే సూత్రం అతికించడం మాత్రం తొందరపాటు. స్టాటిస్టిక్స్‌కు కింద ఉండాల్సిన పునాది సన్నం, కాలిక్యులస్‌కు అలా కాదు.

ఎత్నిక్ స్టడీస్, చట్టం రాసిన గడి

కాల్-గెట్‌సీలోని ఆరో గడి, ఎత్నిక్ స్టడీస్, వచ్చింది చట్టం నుంచే. 2020లో ఏబీ 1460 చట్టం కాల్ స్టేట్ విద్యార్థులందరికీ ఎత్నిక్ స్టడీస్‌లో ఒక కోర్సు తప్పనిసరి చేసింది. ఆ మరుసటి ఏడాది కమ్యూనిటీ కాలేజీల బోర్డు అసోసియేట్ డిగ్రీకి కూడా అదే షరతు పెట్టింది. మూలం ఇంకా వెనక ఉంది. 1968 నవంబరు నుంచి 1969 మార్చి వరకు శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్‌లో విద్యార్థులు చేసిన సమ్మె ఫలితంగా అక్కడ ఎత్నిక్ స్టడీస్‌కు ప్రత్యేక కాలేజీ పుట్టింది. ఆ డిమాండ్ డిగ్రీ షరతుగా మారడానికి అర్ధ శతాబ్దం పట్టింది.

ఆదివాసీ అమెరికన్లు, ఆఫ్రికన్ అమెరికన్లు, ఆసియన్ అమెరికన్లు, లాటినోలు అనే నాలుగు సమూహాల చుట్టూ ఈ పాఠాలుంటాయి. చరిత్ర శాఖ ఇచ్చే కోర్సులో ఇవన్నీ ఉన్నా సరిపోదు. ఎత్నిక్ స్టడీస్ పేరుతో, ఆ విభాగం కింద నమోదైన కోర్సే చెల్లుతుంది. దాని మీద శాఖల మధ్య సణుగుడు ఇంకా ఆగలేదు.

‘మనకెందుకు ఇది’ అనుకునే తెలుగు విద్యార్థికి ఇందులో సొంత కథ కూడా ఉంది. గదర్ పార్టీ 1913లో ఈ పశ్చిమ తీరంలోనే పుట్టింది, కార్యాలయం శాన్‌ఫ్రాన్సిస్కోలో. అందులో పాల్గొన్నవాళ్లలో కాలిఫోర్నియాకు చదువుకోవడానికి వచ్చిన తెలుగువాడు దరిశి చెంచయ్య ఒకరు. 1923లో అమెరికా సుప్రీంకోర్టు భగత్ సింగ్ తింద్ కేసులో భారతీయులు ‘తెల్లవారు’ కారు కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారంది. 1956లో అదే కాలిఫోర్నియా నుంచి దలీప్ సింగ్ సౌంద్ కాంగ్రెస్‌కు ఎన్నికయ్యారు. గ్రీన్ కార్డ్ క్యూలో ఉన్న ఇంట్లో పిల్లలకు ఈ మూడు సంగతులూ తెలియకుండా డిగ్రీ రావడం కంటే తెలిసి రావడమే నయం.

నేర్చుకున్నారో లేదో ఎవరు చూస్తారు

పశ్చిమ ప్రాంతంలో ఈ కాలేజీలకు గుర్తింపునిచ్చే ఏసీసీజేసీ 2014 ప్రమాణాల్లో, ప్రతి డిగ్రీ విద్యార్థికీ రావాల్సిన సామర్థ్యాలను పేర్కొంది. చక్కగా తెలియజెప్పడం, సమాచారాన్ని వెతికి తూచడం, సంఖ్యలతో పనిచేయడం, విశ్లేషించడం, నైతికంగా తర్కించడం, భిన్న దృక్పథాలతో మెలగడం. జనరల్ ఎడ్యుకేషన్ లక్ష్యాలంటే ఇవే. ప్రతి కోర్సుకూ విద్యార్థి ఏం నేర్చుకోవాలో చెప్పే ఫలితాల జాబితా ఉండాలి, వాటిని టీచర్లు అప్పుడప్పుడు కొలిచి నివేదిక ఇవ్వాలి.

ఆచరణలో ఈ నివేదికలు ఫైళ్లు నింపడానికే ఎక్కువగా పనికొస్తున్నాయి. విద్యార్థి ట్రాన్స్‌క్రిప్ట్‌లో నైతిక తర్కం అని ఒక వరుస ఉండదు. ఉండేది కోర్సు పేరు, యూనిట్లు, గ్రేడు. ఒక గడికి ఇరవై, ముప్పై కోర్సులు చెల్లినప్పుడు ఏది తీసుకోవాలో చెప్పేది లక్ష్యం కాదు, టైంటేబుల్. ఏది ఆన్‌లైన్‌లో ఉంది, ఏ టీచర్ గ్రేడు సులువుగా ఇస్తారు, మంగళవారం పనికి అడ్డం రానిది ఏది. ఏడు గడులకు ఏడు విడి కోర్సులు, ఒకదాని ఊసు ఇంకొకదానిలో ఉండదు. సంగీత చరిత్ర క్లాసుకూ భూగర్భ శాస్త్రం క్లాసుకూ మధ్య సంబంధం విద్యార్థి తానే కల్పించుకోవాలి. ఈ పద్ధతిలో ఉన్న అసలు బలహీనత ఇది. పట్టికలు కలిపినా, నంబర్లు మార్చినా ఇది తగ్గదు.

అయినా కొన్ని గడులు లక్ష్యాన్ని దాదాపు అలాగే నెరవేరుస్తాయి. క్రిటికల్ థింకింగ్ కోర్సులో మామూలుగా ఇచ్చే పని ఇలా ఉంటుంది. నీటి బిల్లులు పెంచాలంటూ పత్రికలో వచ్చిన ఒక అభిప్రాయ వ్యాసం ఇస్తారు. రచయిత ప్రధాన వాదన ఏమిటి, దానికి చూపిన ఆధారాలేమిటి, చెప్పకుండా ఊహించుకున్నదేమిటి అని విడదీసి రాయాలి. తర్వాత దానికి ఎదురు వాదనను, ఆ పక్షం వాళ్లు చదివి ‘అవును, మేం చెప్పేది ఇదే’ అనేంత న్యాయంగా రాయాలి. ఇక్కడ బట్టీ పనిచేయదు. మన ఇంటర్ చదువు నుంచి వచ్చినవాళ్లు తడబడేది సరిగ్గా ఇక్కడే. సమాధానం తెలియక కాదు, ఒకటే సమాధానం ఉంటుందన్న అలవాటు వల్ల.

మన పోలిక

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో పదో తరగతి అయిపోగానే గ్రూపు ఎంచుకోవాలి. ఎంపీసీ తీసుకున్నవాళ్లకు జీవశాస్త్రం అక్కడితో సరి, చరిత్ర అక్కడితో సరి. పదిహేనేళ్ల వయసులో మూసేసిన ఆ తలుపులనే కాలిఫోర్నియా పద్దెనిమిదేళ్లకు మళ్లీ తెరిపిస్తోంది. ఇంజినీరింగ్‌లో మన దగ్గర కూడా పర్యావరణ శాస్త్రం, రాజ్యాంగం లాంటి తప్పనిసరి పేపర్లున్నాయి. జేఎన్‌టీయూ హైదరాబాద్‌లో జెండర్ సెన్సిటైజేషన్ కూడా ఉంది. కానీ వాటిలో చాలావాటికి క్రెడిట్లు సున్నా. పాసైతే చాలు, జీపీఏలో కలవదు. సున్నా క్రెడిట్ల పేపర్‌కు పరీక్ష ముందు రాత్రి తప్ప విద్యార్థి సమయం ఎందుకిస్తాడు? 144 గంటలు అడిగి, గ్రేడు వేసి, సి రాకపోతే మళ్లీ చదవమనే పద్ధతికీ దీనికీ తేడా అక్కడుంది.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో డిగ్రీ చదివి ఇక్కడ కమ్యూనిటీ కాలేజీలో చేరేవాళ్లు ముందే తెలుసుకోవాల్సింది ఒకటుంది. కాలేజీ సొంత డిగ్రీకైతే గుర్తింపు పొందిన ఏజెన్సీ మదింపు చేసిన విదేశీ క్రెడిట్లను చాలా కాలేజీలు ఏదో మేరకు ఒప్పుకుంటాయి. కాల్-గెట్‌సీకి అవి చెల్లవు, చదివిన సంస్థకు అమెరికా గుర్తింపు ఉంటే తప్ప. ఇక్కడే హైస్కూలు చదువుతున్న పిల్లలకు పరిస్థితి తలకిందులు. డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్‌లో కాలేజీ కోర్సులు ముందే పూర్తిచేయొచ్చు. ఏపీ పరీక్షలో 3 వస్తే కొన్ని గడులు నిండుతాయి. (ఇక్కడ ఏపీ అంటే ఆంధ్రప్రదేశ్ కాదు, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూలు పిల్లలు రాసే కాలేజీ స్థాయి పరీక్ష.) మౌఖిక భాషణం, క్రిటికల్ థింకింగ్ గడులు మాత్రం ఏపీ పరీక్షతో నిండవు, వాటికి కోర్సు చదవాల్సిందే.

ఇంజినీరింగ్, కంప్యూటర్ సైన్స్ వైపు యూసీకి వెళ్లాలనుకునేవాళ్లు ఇంకో పొరపాటు చేస్తారు. పట్టిక చేతిలో ఉంది కదా అని మొదటి ఏడాదంతా జనరల్ ఎడ్యుకేషన్ గడులు నింపుకుంటూ పోతారు. ఆ మేజర్లలో ప్రవేశానికి ముందు చూసేది కాలిక్యులస్, ఫిజిక్స్, ప్రోగ్రామింగ్ వరుస పూర్తయిందా అని. మొత్తం 11 కోర్సులూ అయ్యాయా అన్నది తర్వాతి సంగతి. ఏ కోర్సు ఎక్కడ చెల్లుతుందో అసిస్ట్ వెబ్‌సైట్‌లో చూసుకుని, కౌన్సెలర్‌తో ఎడ్యుకేషన్ ప్లాన్ రాయించుకోవడం దీనికి మందు.

అన్నీ పూర్తయినా డిగ్రీ దానంతటదే వస్తుందని అనుకోవడానికి లేదు. చాలాచోట్ల గడువులోపు గ్రాడ్యుయేషన్ పిటిషన్, అంటే డిగ్రీ ఇవ్వమని దరఖాస్తు, పెట్టుకోవాలి. చేరిన ఏడాది కేటలాగ్ షరతులే, చదువులో విరామం రాకుండా ఉంటే, చివరిదాకా వర్తిస్తాయి. యూనివర్సిటీ ప్రవేశానికి అసోసియేట్ డిగ్రీ తప్పనిసరి కాదు కాబట్టి పిటిషన్ పెట్టకుండానే వెళ్లిపోయేవాళ్లూ ఉంటారు. వాళ్ల దృష్టిలో గ్రాడ్యుయేషన్ షరతులంటే ట్రాన్స్‌ఫర్ షరతులే. పైన చెప్పిన చట్టాలన్నీ వాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసినవే.

ట్రాన్స్‌ఫర్ ఆలోచనే లేనివాళ్ల మీద ఇంత శ్రద్ధ పెట్టినవాళ్లు లేరు. ఆటోమొబైల్, వెల్డింగ్, అగ్నిమాపకం లాంటి కోర్సులు చేసి అసోసియేట్ డిగ్రీతో పనిలో చేరేవాళ్లకు ఆ 21 యూనిట్లే వస్తాయి. జీవితంలో వాళ్లు చదివే చివరి సైన్సు కోర్సు, చివరి సాహిత్య కోర్సు అవే. యూనివర్సిటీకి వెళ్లేవాడికి అవతల పై తరగతుల్లో ఇంకొన్ని జనరల్ ఎడ్యుకేషన్ కోర్సులుంటాయి, వీళ్లకు ఉండవు. వాళ్ల కోసం ప్రత్యేకంగా ఆలోచించి రాసిన కోర్సులు అరుదు. ట్రాన్స్‌ఫర్ విద్యార్థి కోసం కట్టిన మెనూలోంచే వీళ్లూ ఏరుకోవాలి. ఇక 16 యూనిట్లతోనో అంతకంటే కాస్త ఎక్కువతోనో సర్టిఫికెట్ తీసుకుని వెళ్లేవాళ్లకు జనరల్ ఎడ్యుకేషన్ షరతే లేదు. కేటలాగ్ మొదటి పేజీల్లో రాసుకున్న ఆ పౌర బాధ్యత, విమర్శనాత్మక ఆలోచన వాళ్లకు ఎందుకు అక్కర్లేదో ఏ కాలేజీ కేటలాగూ చెప్పదు.